ఆలుగడ్డలు తవ్వే రోజు

ఆగస్టు మొదటి శనివారం వచ్చేదాకా మా వాడ తోటలో ఎవ్వరం ఆలుగడ్డ మడిలో పార పెట్టం. జూలై మధ్యకల్లా పూత రాలిపోతుంది. మొక్క మొదట్లో మట్టిని వేళ్లతో కదిపితే కోడిగుడ్డంత గడ్డ చేతికి తగులుతుంది. అయినా మట్టి కప్పేసి లేస్తాం. ఈ వారాంతం ఆ ఎదురుచూపు తీరుతుంది. పొద్దున పదింటికి అందరం చేరతాం. మాలో పెద్దావిడ మొదటి మొక్కను పెళ్లగిస్తుంది. మధ్యాహ్నానికి ఆ గడ్డలే ఉడికి బల్ల మీదికి వస్తాయి. దీని పేరు లూనసా.

తోట ఉన్నది డబ్లిన్ నగరం నడిబొడ్డున, ఇటుక ఇళ్ల వరుసల మధ్య చాలాకాలం తాళం పడి ఉన్న ఖాళీ జాగాలో. అడుగున పాత కట్టడాల రాళ్లూ సున్నమూ ఉన్నందువల్ల నేలలో నేరుగా ఏమీ వేయం. చెక్క పలకలతో ఎత్తు మడులు కట్టి, బయటినుంచి తెచ్చిన మట్టి నింపుకున్నాం. మేయో కౌంటీలో పుట్టి పెరిగిన పెద్దావిడ, ఒక పోలండ్ జంట, వేల్స్ నుంచి వచ్చిన బడిపంతులు, బ్రెజిల్ కుర్రాడు, కేరళ నర్సు, నేను, ఇంకా ఈ వీధుల వాళ్లు కొందరు. పెద్దావిడను అందరూ పేరు పెట్టే పిలుస్తారు. నాకు ఆ వయసు మనిషిని పేరుతో పిలవడానికి నోరు రాదు, ఆంటీ అంటాను. ఆమె నన్ను తల్లీ అన్న అర్థంలోనే పిలుస్తుంది.

ఐర్లండ్‌లో ఏడాదిని నాలుగు పండుగలు పంచుకుంటాయి. నవంబరు 1న సావిన్, ఫిబ్రవరి 1న ఇంబోల్క్, మే 1న బ్యాల్తినె, ఆగస్టు 1న లూనసా. లోకానికి ఇవి కెల్టిక్ పండుగలు. పూల కిరీటాలు, కాగడాలు, పొడుగు అంగీల బొమ్మలతో తెలిసినవి. నాకు మాత్రం ఇవి చేతికి మట్టి అంటిన తర్వాతే పరిచయమయ్యాయి, అందుకే నేను వీటిని ఏరువాక పున్నమి పక్కన పెట్టి చూస్తాను. ఏరువాకనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులద్ది, నాగలికి పసుపు కుంకుమ పెట్టి, చేలోకి తోలితే ఆ తొలి చాలే పండుగ. సెలవు తీసుకుని చేసుకునే పండుగ కాదది. ఐర్లండ్ వాళ్ల ఈ నాలుగు రోజులూ అటువంటివే. తోట లేకుండా వీటిని జరుపుకోవచ్చు, చాలామంది జరుపుకుంటారు కూడా. కానీ తోటలో ఉంటే ఆ రోజు ఎందుకు ఆ రోజునే వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

లూనసానే చూడండి. ఈ దేశపు పల్లెల్లో జూలైకి ఆకలి నెల అని పేరు. నిరుటి గడ్డలు అయిపోయేవి, కొత్తవి ఇంకా ఊరేవి కావు. పేదింట్లో క్యాబేజీ ఉడకబెట్టుకుని రోజులు నెట్టుకొచ్చేవారు. అంత ఆకలిలోనూ లూనసాకు ముందే చేను తవ్విన ఇంటిని ఊరు చిన్నచూపు చూసేది, అశుభమనేది. ఆ నమ్మకం అడుగున సేద్యపు లెక్క ఉంది. గడ్డ బరువు పట్టేది ఆ ఆఖరి వారాల్లోనే. తాళలేక తవ్వుకుంటే చలికాలపు తిండిని ఎండాకాలంలోనే తినేసినట్టు. ఊరంతా ఒకే రోజుకు కట్టుబడితే ఆ నిగ్రహం ఒక్కొక్కరికీ విడివిడిగా ఉండాల్సిన అవసరం తప్పుతుంది. మా తోటలో ఆకలితో ఎవరూ లేరు, దుకాణం వీధి చివర్లోనే ఉంది. అయినా అందరి మడీ ఒకేసారి తెరుచుకోవాలన్న కట్టుబాటు వల్ల ఒకరి పంటను ఇంకొకరు కనిపెట్టి చూస్తారు. ఎవరి మొక్క ఆకు మాడితే ఎవరు ముందు చూశారో అన్న తేడా లేకుండా కబురు అందుతుంది.

ఆకు మాడటం ఇక్కడ చిన్న మాట కాదు. 1845లో వచ్చిన ఆలుగడ్డ తెగులు ఈ దేశాన్ని మహా కరువులోకి తోసింది, మేయో అందులో అతి ఘోరంగా దెబ్బతిన్న కౌంటీల్లో ఒకటి. ఇప్పటికీ వెచ్చగా, తడిగా ఉండే రోజుల్లో ఐర్లండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ తెగులు హెచ్చరికలు ఇస్తుంది. హెచ్చరిక వచ్చిన రోజు ఆంటీ ఎక్కువ మాట్లాడదు. మడుల మధ్య వంగి ఆకుల వెనక వైపు చూసుకుంటూ పోతుంది. మచ్చ కనబడితే కాడలన్నీ మొదలంటా కోసి తీసేసి, రెండు వారాలు ఆగి తవ్వుతాం. ఆకు మీది తెగులు గడ్డకు దిగకుండా, పైతొక్క గట్టిపడేలా ఆ గడువు. పండుగ తేదీని కాదని మేం ముందే కత్తి పట్టేది ఆ ఒక్క సందర్భంలోనే.

ఈ పండుగ గురించి లోతుగా తెలుసుకోవాలంటే మైర్ మక్‌నీల్ 1962లో వెలువరించిన పెద్ద గ్రంథం ఉంది, పేరు ‘ద ఫెస్టివల్ ఆఫ్ లూనసా’. ఐరిష్ జానపద సంఘం 1942లో ఊరూరికీ ప్రశ్నలు పంపి సేకరించిన జవాబులు దానికి పునాది. జూలై ఆఖరి ఆదివారమో ఆగస్టు మొదటి ఆదివారమో జనం కొండలెక్కడం, బిల్బెర్రీలు ఏరుకోవడం, కొండ మీదే ఆటలూ పాటలూ పెళ్లిచూపులూ. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుతో సాగిన ఈ జాతరలన్నీ పాత లూనసాకు మిగిలిన కొమ్మలేనని ఆమె చూపించింది. మేయోలోని 764 మీటర్ల క్రోగ్ పాట్రిక్ కొండను జూలై ఆఖరి ఆదివారం ఇవాళ్టికీ వేలమంది ఎక్కుతారు, కొందరు చెప్పులు లేకుండా. క్రైస్తవ యాత్రగానే ఎక్కుతారు. ఆంటీ చిన్నప్పుడు ఎక్కిందట, దిగి ఇంటికొచ్చాక కొత్త ఆలుగడ్డలు, వెన్న, మజ్జిగ. ఇంకేం అక్కర్లేదు తల్లీ అంటుంది.

నన్ను ఎక్కువ పట్టి నిలిపింది మరో సంగతి. ఆలుగడ్డ ఈ దేశానిది కాదు. దక్షిణ అమెరికా నుంచి ఐరోపాకు వచ్చి నాలుగు వందల ఏళ్లు దాటిందంతే. లూనసా అంతకు ఎన్నో శతాబ్దాల ముందుది, అప్పటి తొలి పంట ధాన్యం. పంట మారింది, పండుగ కొత్త పంటను తనలో కలుపుకుంది. అందుకే శనివారం బల్ల మీదికి నేను చేసుకెళ్లే ఆలుగడ్డ మెంతికూర అతిథి వంటలా ఉండదు. మెంతులు ఇక్కడి చల్లటి వేసవిలో మన దగ్గరకన్నా నిదానంగా, మెత్తటి ఆకుతో పెరుగుతాయి. గోంగూర మాత్రం పాలీటన్నెల్ లోపలైనా అంతంతమాత్రమే. గడ్డలు అదే పొద్దున మడి నుంచి తీసినవి, ఆకు పక్క మడిది. పోపు ఒక్కటే నా ఇంటిది.

కెల్టిక్ అన్న మాట తగిలించి నడిచేదంతా ప్రాచీనం కాదని ఇక్కడే చెప్పుకోవాలి. ఎనిమిది ఆకుల చక్రం ఒకటి చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఈ నాలుగు పండుగలకు రెండు విషువత్తులు, రెండు ఆయనాలు కలిపి చేసిన ‘వీల్ ఆఫ్ ద ఇయర్’ అది. దాని రూపం 1950ల నాటి ఇంగ్లండ్‌లో, గెరాల్డ్ గార్డ్‌నర్, రాస్ నికల్స్ వంటి ఆధునిక పేగన్ల బృందాల్లో కుదురుకుంది. చరిత్రకారుడు రోనల్డ్ హట్టన్ ఈ విషయాలను విడదీసి చెప్పాడు, 1996లో వచ్చిన అతని ‘ద స్టేషన్స్ ఆఫ్ ద సన్’ మా షెడ్డులో చేయి మారుతూ ఉంటుంది. నాలుగు ఐరిష్ పండుగల సంగతి వేరు. మధ్యయుగపు ఐరిష్ కథ తొహ్‌మార్క్ ఎవిరలో ఏడాది ఈ నాలుగు మలుపులతోనే వస్తుంది, లూనసాకు మాత్రం అక్కడ వేరే పేరు. ఎడిన్‌బరో నగరంలో కాల్టన్ హిల్ మీద ఏటా ఏప్రిల్ 30 రాత్రి జరిగే పెద్ద అగ్ని ఉత్సవం 1988లో మొదలైంది, అది తనను పాతదని చెప్పుకోదు కూడా. కొత్తదాన్ని కొత్తదని చెప్పి జరుపుకోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. మా బ్రెజిల్ కుర్రాడికి జూన్ ఆయనం ఇష్టం, ఆ సాయంత్రం గిటార్ తెస్తాడు, అందరం వెళ్తాం. దాన్ని డ్రూయిడ్ పూజారుల నాటి ఆచారమని పిల్లలకు చెబితే మాత్రం ఊరుకోను.

పాతదాన్ని వెతకాలనుకునేవాళ్లకు ఈ దేశం ఒక గొప్ప సదుపాయం చేసిపెట్టింది. 1937 నుంచి 1939 దాకా బడిపిల్లలకు పని అప్పజెప్పారు, ఇంటికెళ్లి ముసలివాళ్లను అడిగి రాసుకు రండి అని. దాదాపు 5,000 బడులు, 50,000 మందికి పైగా పిల్లలు. ఆ నోటుపుస్తకాలు డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ జానపద భాండాగారంలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవొచ్చు. ప్రతి పండుగకూ ముందు మేం ఆ పేజీలు తిరగేస్తాం. పదకొండేళ్ల పిల్ల గుండ్రటి చేతిరాతలో, మా నాయనమ్మ మే డే రోజు ఇంట్లోంచి నిప్పు, పాలు బయటికి ఇచ్చేది కాదు అన్న తీరు మాటలు కనిపిస్తే, మన దగ్గర చీకటి పడ్డాక ఉప్పు అప్పివ్వని ఇళ్లు గుర్తొస్తాయి. మన బడుల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ పని జరిగి ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనుకుంటాను. మా కరీంనగర్ వైపు చెరువు గట్ల మీద అమ్మమ్మలకు తెలిసినది ఎంత, రాతలోకి వచ్చినది ఎంత!

ఇంబోల్క్ వచ్చేనాటికి ఇక్కడ పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. వాతావరణ శాఖకు వసంతం మార్చి 1న మొదలు. ఐరిష్ జనానికి ఫిబ్రవరి 1నే. ఏటా ఈ వాదన బస్సుల్లో, రేడియోల్లో నడుస్తుంది. తోటలో నిలబడి చూస్తే జనం మాటే నిజమనిపిస్తుంది. స్నోడ్రాప్ పూలు తలలు వేలాడేసి ఉంటాయి, హేజెల్ కొమ్మలకు పసుపు కంకులు వేలాడతాయి, పల్లెల్లో గొర్రెలు ఈనే కాలం దగ్గర పడుతుంది. ఆ రోజు సెయింట్ బ్రిజిడ్‌ది. 2023 నుంచి ఆమె పేర దేశమంతా సెలవు, ఒక స్త్రీ పేరు మీద ఐర్లండ్ ఇచ్చిన మొదటి ప్రభుత్వ సెలవు అదే. ఆమె మఠం ఉన్న కిల్డేర్‌లో సన్యాసినులు అఖండ దీపం కాపాడేవారని 12వ శతాబ్దంలో గెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాశాడు. తర్వాత ఎప్పుడో ఆరిపోయిన ఆ దీపాన్ని బ్రిజిడీన్ సోదరీమణులు 1993లో మళ్లీ వెలిగించారు. ఈ సాధ్వికన్నా ముందు బ్రిజిడ్ అనే దేవత ఉండేది. ఆ దేవతా ఈ సాధ్వీ ఎక్కడ ఒకటవుతారో, ఎక్కడ వేరవుతారో పండితులు వాదించుకుంటున్నారు.

మేం చేసేది శిలువలు అల్లడం. జనవరి 31 సాయంత్రం షెడ్డులో అందరం బెంచీల మీద కూర్చుంటాం. తడి పొలాల్లో పెరిగే రష్ అనే గడ్డిని ఆంటీ చుట్టాలు మేయో నుంచి కట్ట కట్టి పంపుతారు. దాన్ని కొడవలితో కోయకూడదు, చేత్తో పీకాలని నియమం. ఒక పోచను నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని దాని నడుముకు మడిచి, రెండు కొసలూ కుడివైపు వచ్చేలా లాగాలి. అల్లికను పావు చుట్టు తిప్పాలి. మూడోదాన్ని ఇప్పుడు పైకి వచ్చిన జంట మీదుగా మడవాలి, మళ్లీ పావు చుట్టు. ప్రతి మడతకూ బొటనవేలు నడిమధ్య నొక్కే ఉండాలి. అది సడలిందా, నడిమి చతురస్రం విచ్చుకుపోతుంది. పది పన్నెండు పోచలు పడ్డాక నాలుగు చేతులూ నాలుగు దిక్కులకు సాగి కనిపిస్తాయి, కొసలు దారంతో బిగించి కత్తిరిస్తాం. చేతులు పచ్చి గడ్డి వాసన వేస్తాయి. ఆంటీ తన బొటనవేలు చూపించి నేర్పుతుంది కానీ నోటితో చెప్పదు. తాటాకు బుట్టలల్లే మా ఊరి ఆడవాళ్లూ అంతే, ఎలా అని అడిగితే చూడు అనేవారు. గొడ్ల చావడి గుమ్మం మీద కట్టే ఆ శిలువను మేం షెడ్డు తలుపు మీద కడతాం. పాతది దించి కంపోస్టులో వేస్తాం. ఆ రాత్రి బయట కొమ్మ మీద ఒక గుడ్డ ముక్క ఆరేస్తారు, బ్రిజిడ్ ఆ దారిన పోతూ తాకుతుందని, ఏడాదంతా తలనొప్పికి అదే మందని. కేరళ నర్సు ఆ గుడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లి తన లాకర్‌లో పెట్టుకుంది. నేను ఎందుకని అడగలేదు.

మరునాడు పని. చిక్కుడు జాతి బ్రాడ్ బీన్ గింజలు నేరుగా మడిలో, ఉల్లి నారు కిటికీ దగ్గర. విత్తనపు ఆలుగడ్డలను గుడ్ల అట్టల్లో కళ్లు పైకి పెట్టి మొలకకు వదులుతాం. అవి సెయింట్ పాట్రిక్ దినం, మార్చి 17 ప్రాంతంలో మట్టిలోకి వెళతాయి.

బ్యాల్తినె పల్లె పండుగ మాత్రమే అనుకునేవాళ్లకు ఈ ఊరి చరిత్రే జవాబు. ఆస్కార్ వైల్డ్ తండ్రి సర్ విలియం వైల్డ్ 1852లో ఐరిష్ జన విశ్వాసాల మీద వేసిన పుస్తకంలో డబ్లిన్ వాడల మే పొదల గురించి రాశాడు. లిబర్టీస్, స్మిత్‌ఫీల్డ్ వాడల వాళ్లు పోటీపడి పొద నిలబెట్టి, అలంకరించి, చుట్టూ మంట వేసి ఆడేవారు. మా తోట గోడవారన ఒక హాథార్న్ ముళ్లచెట్టు ఉంది. దాని కొమ్మ నరకం. దీన్ని ఇంట్లోకి తేవడం అపశకునమన్న నమ్మకం ఒకటి, మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పక్షుల కోసం పొదలు కొట్టకూడదన్న చట్టం మరొకటి. నిలబడి ఉన్న చెట్టుకే నూలు రిబ్బన్లు, రంగులేసిన గుడ్డు పెంకులు కడతాం. నెలాఖరుకు అన్నీ విప్పేస్తాం, లేకపోతే కొమ్మకు ఉరి పడుతుంది. గుమ్మాల ముందు పసుపు పూలు చల్లడం పిల్లల వంతు. పశువులను రెండు మంటల మధ్య నడిపించేవారని వెయ్యేళ్ల కిందటి కోర్మాక్ నిఘంటువు చెబుతుంది. మాకు పశువులూ లేవు, మంటా లేదు.

ఆ హాథార్న్ దగ్గరే మా తోటలో పెద్ద చర్చ నడుస్తుంది. మే 1న అది పూస్తుందా లేదా? షెడ్డులో ఒక నోటుబుక్ ఉంది, ప్రతి పండుగనాడు ఏది పూసింది, ఏది కాచింది, రాత్రి మంచు పట్టిందా అని రాస్తాం. 1752లో బ్రిటన్, ఐర్లండ్ క్యాలెండర్ మార్చుకున్నప్పుడు 11 రోజులు ఎగిరిపోయాయి. పాత లెక్క ప్రకారం మే డే ఇప్పటి మే 12న పడేది, అప్పటికి హాథార్న్ నిండా తెల్లగా ఉంటుంది. మా పుస్తకంలో చూస్తే కొన్ని ఏళ్లు ఏప్రిల్ ఆఖరికే పూత వచ్చేసింది. 2023లో ఐర్లండ్ సగటు ఉష్ణోగ్రత మొదటిసారి 11 డిగ్రీలు దాటింది, రికార్డుల్లో అదే అత్యంత వెచ్చని ఏడాది. పంటలు కదులుతున్నాయి కాబట్టి పండుగ తేదీలనూ జరుపుదామా అని వెల్ష్ పంతులు ఓసారి అడిగాడు. నేను వద్దన్నాను. తేదీ కదలకుండా ఉంటేనే కదా ఏది ఎంత కదిలిందో మనకు తెలిసేది. ఎప్పుడు పూస్తే అప్పుడే పండుగ అనుకుంటే ప్రతి ఏడూ సరిగ్గానే ఉన్నట్టుంటుంది.

కాలాన్ని చూసి లెక్క సరిచేసుకోవడం కెల్టులకు తెలియదని కాదు. ఫ్రాన్స్‌లోని కొలిన్యీలో 1897లో ముక్కలుగా దొరికిన కంచు పంచాంగం లియాన్ మ్యూజియంలో ఉంది. ఐదేళ్లకు 62 నెలలు, అందులో రెండు అదనపు నెలలు. నెలకు రెండు భాగాలు. మన అధికమాసం, పక్షాలు తెలిసిన వాళ్లకు ఆ పలక ముందు వివరణ అక్కర్లేదు. చంద్రుడితో సూర్యుణ్ని కలపాలనుకున్నవాళ్లు ఎక్కడున్నా ఆ లెక్కకే వస్తారు. అది గాల్ దేశపు పంచాంగం, ఐర్లండ్‌ది కాదు. ఐనా నాకు ఈ నేల మీద దగ్గరితనం కలిగింది దాన్ని చదివాకే.

సావిన్‌తో వీళ్ల ఏడాది చీకటి సగంలోకి అడుగుపెడుతుంది. హాలోవీన్‌గా లోకమంతా తిరిగింది దీని నీడే. గుమ్మడికాయకు ముందు ఇక్కడ టర్నిప్ దుంపను తొలిచి భయంకరమైన ముఖం చెక్కేవారు. అటువంటి ఒకదాని అచ్చు మేయోలో టర్లో పార్క్ మ్యూజియంలో ఉంది. ఆ రోజు దాటాక బ్లాక్‌బెర్రీలు తినకూడదు, పూకా అనే భూతం ఉమ్మేస్తుందని. నవంబరు తడిలో ఆ పళ్లకు పట్టే బూజు చూస్తే ఆ మాట ఎందుకు పుట్టిందో తెలిసిపోతుంది. తోట చెత్త తగలబెట్టడం చట్టం ఒప్పదు, పైగా కట్టెల కుప్పలో ముళ్లపందులు దూరి పడుకుంటాయి. అందుకని మా సావిన్ మంట కంపోస్టు కుప్పే. ఆకులు, పాత కాడలు, గడ్డి, గుర్రపు పేడ పొరలుగా వేసి తడిపితే కొన్ని రోజుల్లో లోపల 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పిల్లలు పొడుగు థర్మామీటర్ గుచ్చి అంకె అరిచి చెబుతారు.

సావిన్ సాయంత్రం బల్ల చివర ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, దాని ముందు పళ్లెం పెడతారు. పోయినవాళ్లకు. తోట మొదలుపెట్టిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు, వాళ్ల పేర్లు చదువుతారు. తర్వాత ఎవరికి కావాలంటే వాళ్లు తమవాళ్ల పేర్లు చెప్పుకుంటారు. నేను మా నాయన పేరు చెప్పాను. మాకు పెత్రమాసనాడు పెద్దల పేరున బియ్యం ఇవ్వడం ఉందని, అదే సాయంత్రం నుంచి ఊరంతా బతుకమ్మ ఆడుతుందని చెప్పాను. ఏడుపు వెంటనే ఆటా అని పోలండ్ అమ్మాయి అడిగింది. అవును, వెంటనే, అన్నాను. వాళ్ల దేశంలో ఆ రోజుల్లో సమాధులన్నీ దీపాలతో వెలుగుతాయని ఆమె చెప్పింది. ఆ రాత్రి మాకు కోల్‌కానన్ వడ్డించింది ఆమే, క్యాబేజీ కలిపి మెదిపిన ఆలుగడ్డ, మధ్యలో గుంట చేసి కరిగించిన వెన్న.

ఆ తర్వాత నాటే పంట వెల్లుల్లి ఒక్కటే. రెబ్బలుగా విడివడి గడ్డ కట్టాలంటే దానికి కొన్ని వారాల చలి కావాలి, అందుకే సావిన్ దాని ముహూర్తం. ఈ శనివారం ఆలుగడ్డల మడి ఖాళీ కాగానే అందులో పచ్చిరొట్టకు ఆవాలు చల్లుతాం, అక్టోబరులో దున్ని కలిపేస్తాం, ఆ మట్టిలోకే వెల్లుల్లి దిగుతుంది. జూలైలో తీసిన వెల్లుల్లి గడ్డలు షెడ్డు కప్పు కింద జడలల్లి ఆరుతున్నాయి. వాటిలోంచి విత్తనానికి ఏరే పని ఈసారి కేరళ నర్సుకూ నాకూ అప్పజెప్పారు. పెద్ద రెబ్బకే పెద్ద గడ్డ వస్తుందని ఆంటీ అంటుంది కనుక బాగున్నవన్నీ నవంబరుకే పక్కన పెట్టేస్తున్నాం. ఈ మూడు నెలలూ వంటకు చిన్నవే.